సిరా తుడిచిన గోడ

వేలిముద్ర వేశాక మిగిలిన సిరాను తలకు రాసుకోవడం మా ఊళ్లో అలవాటు. మా ఆయన నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. అందుకని బొటనవేలిని దగ్గరున్న గోడకు గట్టిగా అద్దేవాడు. చిన్నప్పుడు కొడవలి కోసుకుని ఆ వేలికి అడ్డంగా గాటు పడింది. ముద్ర రెండు ముక్కలుగా పడేది. రేషన్ దుకాణం గోడ మీద దాన్ని ఏళ్ల తరబడి చూశాను. ఎక్కడున్నా గుర్తుపడతాను.

ఆయన పోయిన మరుసటి వానకాలం, కొడకండ్ల దగ్గరి మా రెండెకరాల మెట్ట చెలకను నా పేరు మీదికి మార్పించుకోవడానికి జనగామలో ఒక వకీలును పట్టుకున్నాను. అడిగాడు కదా అని పాసుబుక్కు ఇచ్చేశాను. మరిదితో మా ఇంటి కొట్లాటలన్నీ కూడా చెప్పేశాను. బుద్ధి తక్కువ పని.

"మీ ఇంటాయన మొకం గూడ నేన్ సూడలే. అయినా నీ పని నా పని అనుకో అవ్వా" అన్నాడు.

తెలంగాణ ఉద్యమం రోజులవి. సమ్మెతో ఆఫీసులన్నీ మూతపడ్డాయి. వకీలు రమ్మన్న రోజు ఆటో దొరక్క సగం దూరం నడిచాను. పట్టపగలు బజారులో మనిషి లేడు. ఎక్కడో డప్పు మోగుతోంది, ఎటువైపు నుంచో తెలియలేదు.

"రిజిస్ట్రేషన్ ఆఫీసు బంద్ ఉన్నది గదా. ఇయ్యాల వేలేసి పో. తెరిసినంక మిగిలింది నేన్ జూస్కుంట" అని కాయితం, సిరా డబ్బా నా ముందు పెట్టాడు. ఫోను మోగితే వరండాలోకి పోయాడు.

నేను కూర్చున్న బల్ల వెనక గోడంతా నీలి వేళ్లే. వందల మందివి. వీపు మీద ఎవరో చేతులు వేసినట్టనిపించి లేచి తిరిగి చూశాను. నడుమ ఒక ముద్ర రెండు ముక్కలుగా ఉంది.

నా బొటనవేలు దాని మీద పెట్టాను. తీస్తే నీలం అంటింది. వానలకు గోడ చెమ్మగిల్లిందేమో అనుకుని పక్క ముద్రను తడిమాను. పొడిగా ఉంది. దాని పక్కది కూడా పొడే.

అప్పుడు కాయితం తీసి చదివాను. యాభై దాటాక సంఘం ఆడవాళ్లతో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. ఆ సంగతి వకీలు అడగలేదు, నేను చెప్పలేదు. కూడబలుక్కుని చదివితే తేలింది ఇదీ: ఆ చెలక మీద నాకు ఏ హక్కూ లేదట, నా మరిదికి వదిలేస్తున్నానట.

వకీలు వచ్చి నా వేలు చూశాడు. "వేలేసినవా? మంచిగైంది."

"ఎయ్యలే. గీ గోడది అంటింది. మా ఆయన ఈడికి ఎప్పుడొచ్చిండు సాబ్?"

వకీలు గోడ వైపు చూశాడు.

"నీ మరిది తోల్కొచ్చిండు. భూమి ఇస్తనని రాసిచ్చిండు నీ పెనిమిటి. రిజిస్ట్రీ గాకముందే పాయె. ఇంటి మనుషులు కొట్లాడుకునుడెందుకు, ఇద్దరికి మంచి జేద్దామని..."

"ఇద్దరి దిక్కు ఎట్ల నిలవడ్తవ్? నా కడుపుల మాటలన్ని నీకు జెప్పుకుంటి. అవన్ని నా మరిదికి చేరినయా?"

"నీకు సదువెప్పుడొచ్చింది?" అన్నాడు, అంతే.

పాసుబుక్కు చేతిలో పెట్టేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

నాలుగు రోజులకు మానుకోటలో వేరే వకీలు దగ్గరికి పోయాను. నా మాట మొదలుపెట్టకముందే ఆ వకీలు చెయ్యి అడ్డం పెట్టి, "ఆగు అక్కా. ముందుగాల ఎవరితోని తగాదనో ఆ పేరు జెప్పు" అన్నాడు. మరిది పేరు చెప్పాను. అతనికి తను ఎప్పుడైనా పని చేశాడేమోనని పాత ఫైళ్లన్నీ వెతికాడు. లేదని తేలాకే నన్ను కూర్చోమన్నాడు. అంతా విని వకాలత్ కాయితం ముందుకు జరిపాడు.

"వేలు నీలంగనే ఉన్నది. వేలిముద్రేనా?"

"సంతకం జేస్త."

సబ్బుతో ఎంత తోమినా ఆ నీలం పోలేదు. పెన్ను పట్టుకుని చూసుకుంటే నీలం నడుమ అడ్డంగా తెల్లటి గీత ఉంది. నా వేలికి ఏ గాటూ లేదు. ఆ వేలితోనే పెన్ను నొక్కిపట్టి పేరు రాశాను.

ఆఫీసులు తెరిచాక చెలక నా పేరు మీదికి మారింది. మా ఆయన రాసిచ్చాడన్న ఆ పాత కాయితం మరిది బయటపెట్టనే లేదు. నీలం ఎప్పుడు పోయిందో నేను చూడలేదు.