నాన్న తట్టి చూసిన కారు

బీమా కంపెనీల తరఫున దెబ్బతిన్న బళ్ళను చూసి విలువ కట్టడం నా వృత్తి. రాయపూర్‌లో ఈ పని చేసే ఆడవాళ్ళు తక్కువ. గ్యారేజీలో అడుగుపెట్టగానే "సర్ ఎప్పుడొస్తారు మేడం?" అని అడుగుతారు. సర్ రారు, వచ్చింది నేనే అని చెప్పి చెప్పి నా నోరు కాస్త కరుకుదేలింది. బండి విషయంలో నేను ఎవరి మాటా నమ్మను. యజమాని మాట అసలే నమ్మను. ఈ గుణం నాకు నాన్న నుంచి వచ్చింది. ఒకప్పుడు దాన్ని చూసుకుని మురిసిపోయేదాన్ని. ఇప్పుడంత మురిపెం లేదు.

నాన్న రైల్వే వ్యాగన్ రిపేరు షాపులో చక్రాల సెక్షన్‌లో పనిచేశాడు. పొడుగు పిడి సుత్తితో చక్రాన్ని ఒక్క దెబ్బ కొట్టి, శబ్దం విని, అది మళ్ళీ పట్టాలెక్కొచ్చో లేదో చెప్పేవాడు. మంచి చక్రం ఖంగుమంటుంది, ఆ మోత కాసేపు గాలిలో నిలుస్తుంది. పగులున్నది దగ్గినట్టు ఆగిపోతుంది. షాపువాళ్ళు ఉండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో ఎవరు పాత సైకిలు కొన్నా, బీరువా కొన్నా ముందు మా క్వార్టరుకే వచ్చేవారు. నాన్న వచ్చి వేలితో తట్టి "తీసుకో" అనో "వద్దు" అనో అనేవాడు. దానికిక తిరుగులేదు. పుచ్చకాయలు అమ్మేవాడు మాత్రం ఆయన్ని చూస్తే తోపుడుబండిని పక్క వీధికి తిప్పుకునేవాడు.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, దీనికి పూర్తిగా వ్యతిరేకం. రాయపూర్‌కి దగ్గర్లోని తిల్దాలో ఒక బియ్యం మిల్లు యజమాని దగ్గర డ్రైవరు. ఆదివారం పొద్దున్నే నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని లోకల్ రైల్లో దిగేవాడు. ఇక సాయంత్రం దాకా కోతలే కోతలు. కేశ్‌కాల్ ఘాట్‌లో రోడ్డుకి అడ్డంగా చిరుతపులి పడుకుంటే హారన్ కొట్టి లేపానని, అది ఒళ్ళు విరుచుకుని మరీ దారిచ్చిందని చెప్పేవాడు. ఆయనంటే తమ్ముడూ నేనూ చెవి కోసుకునేవాళ్ళం. అమ్మ "వీడి మాటలు కోటలు దాటతాయి" అని మూతి తిప్పుతూనే ఇంకో గరిటె కూర వడ్డించేది. నాన్న పేపరు మడిచి, "ఒరే, ఆ పులి చేత నీకు సలాము కూడా కొట్టించలేకపోయావేటి?" అనేవాడు. బావా బావమరుదుల మధ్య అది మామూలు సరసం. దాంట్లో విషం ఉండేది కాదు.

రాయపూర్ రాజధాని అయిన కొత్తలో ఊరికి ఒక్కసారిగా డబ్బు పొగరు వచ్చింది. నిన్నటిదాకా స్కూటరు మీద తిరిగినవాళ్ళు కార్ల రంగుల గురించి మాట్లాడుకునేవారు. ఆ రోజుల్లో ఒక ఆదివారం మావయ్య రైల్లో కాకుండా కారులో వచ్చాడు. ఎర్రటి కారు. పైకప్పు లేదు, నేలకు కరుచుకుని ఉంది, సీట్లు రెండే. పక్క సీట్లో అత్త కొంగును తల చుట్టూ బిగించి, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఎవరో తిడతారన్నట్టు ముడుచుకుని కూర్చుంది. కారంతా తవుడు వాసన. మిల్లు యజమాని కొడుకు మోజుపడి తెచ్చుకుని, మోజు తీరాక గోడౌన్‌లో బస్తాల వెనక వదిలేశాడట. ఇన్నాళ్ళూ దాన్ని తుడిచి, తిప్పి బతికించిన డ్రైవరుకే యజమాని చవగ్గా ఇచ్చేశాడు.

"ఇద్దరే కూకునే బండేటిరా? సంసారం ఉన్నోడు కొనీదేనా ఇది?" అంది అమ్మ.

"ఉంచుకోడానికి కాదక్కా. దీన్ని అమ్మీసి సొంత టాక్సీ కొంటాను. ఇంక ఈ జన్మలో ఎవుడికీ 'జీ మాలిక్' అనను," అన్నాడు మావయ్య. "ఇది అసలీ కంపెనీ బండి. పడమటి సముద్రం ఒడ్డున చిన్న ఫేక్టరీ ఉంది, అక్కడ చేసినారు. నమూనా గీసింది దొరలు. ఇలాంటివి దేశం మొత్తం మీద వెతికినా దొరకవు."

ఎవరూ నమ్మలేదు. పులికి దారి అడిగిన మనిషి మాట ఎవరు నమ్ముతారు? రిజిస్ట్రేషన్ పుస్తకంలో కంపెనీ పేరు చూపించాడు. ఆ పేరు మాలో ఎవరూ విని ఉండలేదు. "లారీకి బాడీ కట్టీవోడిక్కూడా ఒక పేరుంటాదిరా," అని నాన్న తీసిపారేశాడు. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో వెతికి చూసుకునే రోజులు కావవి. "నవ్వండి. నవ్విన నాపచేనే పండుతాది," అన్నాడు మావయ్య.

పండే సూచన కూడా కనిపించింది. ఊళ్ళో ఒక డాక్టరు ఆ కారు మీద మనసు పడ్డాడు. కంపెనీదైతే కొంటాను, ఎవరో షెడ్డులో కట్టిన నకిలీ అయితే ఉత్తినే ఇచ్చినా వద్దన్నాడు. ఇనుము తెలిసిన మనిషి ఎవరైనా చూసి చెప్పాలన్నాడు. మావయ్య రొమ్ము విరుచుకుని, "మా బావ చూస్తాడు. ఆయన మాటే ఫైసలా," అన్నాడు. తన తీర్పరిని తనే ఎంచుకున్నాడు.

మరో ఆదివారం మా క్వార్టరు ముందు, డాక్టరు ఎదుటే కారుని చూశాడు నాన్న. తొందరపడలేదు. తొందరపడి ఉంటే ఆయన్ని తిట్టుకోడానికైనా వీలుండేది. ముందు తలుపు తట్టాడు. డబ్బుమంది. బానెట్ తట్టాడు. అదే బోలు శబ్దం. ఈ ఊళ్ళో తుక్కు ఇనుము కొనేవాళ్ళందరి జేబులో ఒక అయస్కాంతం ఉంటుంది. నాన్న దగ్గరా ఒకటుండేది. దాన్ని తలుపుకి ఆనించి వదిలితే కింద పడింది. బానెట్ ఎత్తాడు. ఇంజను మీద ఇంకో కంపెనీ గుర్తు, అదీ విదేశీ కంపెనీది. తలుపు పిడులు ఒక చిన్న కారువి. వెనక దీపాలు మరో బండివి. చివరికి గోనెపట్టా పరుచుకుని వెల్లకిలా కిందికి దూరాడు. అడుగున చట్రం ఇనుముదే, కానీ అతుకులు చేత్తో వేసినవి. యంత్రం వేసిన అతుకు తీరుగా ఉంటుంది. ఇవి ఒకటి లావు, ఒకటి సన్నం.

లేచి, చేతులు దులుపుకుని, డాక్టరుతో హిందీలో, "ఇది కంపెనీ బండి కాదు సాబ్. నాలుగు బళ్ళ సామాను తెచ్చి, పైన ప్లాస్టిక్ బాడీ పోతపోసి ఎవడో నిలబెట్టాడు," అన్నాడు.

డాక్టరు బేరం కూడా ఆడలేదు. సొంత బావమరిది బండి అయినా నిజం చెప్పారని నాన్నకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. చుట్టూ చేరిన కాలనీ జనం కూడా ఆ మాటే అనుకున్నారు. మనిషంటే అలా ఉండాలన్నారు.

"బావా, మరొక్కపాలి చూడు," అన్నాడు మావయ్య.

"ఎన్నిపాలీలు చూసినా ఇనుము ఇనుమే, కానిది కానిదే. నిన్నెవుడో నిలువునా ముంచీసినాడురా."

"సరే. బావ చెప్పినాడంటే అంతే మరి," అని మావయ్య చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. అమ్మ వేటమాంసం వండింది. తలొంచుకుని తిన్నాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆయన ఇంట్లోనే ఓడిపోయాడు.

ఆ రోజుతో మావయ్య నోరు మూతపడింది. ఆదివారాలు వచ్చేవాడు, పలకరిస్తే పలికేవాడు. ఒకసారి తమ్ముడు పులి కథ చెప్పమని వేధిస్తే, "పులీ లేదు, గిలీ లేదు. ఊరికే చెప్పీవోడిని," అన్నాడు. నేనప్పటికి పాలిటెక్నిక్ చదువుతున్నాను, పులిని నమ్మే వయసు కాదు. అయినా ఏడుపొచ్చింది. అమ్మకి మాత్రం సంతోషం. "ఇన్నాళ్ళకి మనిషయ్యాడు," అనేది, నాన్న ఏదో వైద్యం చేసి నయం చేసినట్టు. కారు తిల్దాలో వాళ్ళింటి వెనక ఉండిపోయింది. ఇంజను ఎవరో నీళ్ళ మోటారుకని పట్టుకుపోయారు. మిగిలినదాన్ని ఇస్తామంటే తుక్కు కొనే కబాడీవాడు చట్రం కోసుకుని, పైదంతా ఇనుము కాదని అక్కడే వదిలేసి పోయాడు. వానలకి, ఎండలకి అది పెచ్చులూడి పోయింది. మావయ్య సొంత టాక్సీ కొనలేదు. చూపు మందగించేదాకా మాలిక్‌ల బళ్ళే నడిపి, కరోనాకు ముందు చలికాలంలో కామెర్లతో పోయాడు.

కిందటి వానాకాలం ఒక అపార్ట్‌మెంట్ సెల్లారు మునిగిందని నన్ను పిలిచారు. బురద కొట్టుకున్న కార్ల మధ్య ఒక కారు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. రంగు వేరు, మిగతా అంతా అదే. అవే తలుపు పిడులు, అవే వెనక దీపాలు. వేలితో తట్టాను. డబ్బుమంది. ఒకే నకిలీని వేర్వేరు ఊళ్ళలో ఇద్దరు ఇంత అచ్చుగుద్దినట్టు కట్టలేరు. యజమాని పాత కార్ల పిచ్చివాడు. నేను అడక్కుండానే అంతా చెప్పాడు. పడమటి సముద్రం ఒడ్డున చిన్న ఫ్యాక్టరీ. రేకును ఒత్తే పెద్ద యంత్రాలు కొనే తాహతు లేక బాడీలు ఫైబర్‌తో పోశారు. ఇంజన్లు విదేశీ కంపెనీ దగ్గర, దీపాలూ పిడులూ ఇక్కడి కంపెనీల దగ్గర కొన్నారు. చట్రాలు చేత్తోనే అతికారు. కొన్నే చేసి మూసేశారు.

నా పని విలువ కట్టడం కాబట్టి, మంచి స్థితిలో ఉన్న అలాంటి బండి ఇప్పుడు ఎంత పలుకుతుందో వాకబు చేశాను. ఆ డబ్బుతో ఇవాళ రెండు కొత్త టాక్సీలు కొనొచ్చు. నాన్న ఆ రోజు చూసినవన్నీ నిజమే, ఒక్కటీ తప్పు చూడలేదు. ఆ బండి అసలుదని చెప్పే గుర్తులన్నీ ఒక్కొక్కటిగా తడిమి, నకిలీ అని తేల్చాడు. వ్యాగన్లు చూసిన కళ్ళు కదా. చక్రం మీదా, బాడీ మీదా ఒకే రైల్వే ముద్ర ఉండాలనుకున్నాయి.

నాన్నకి చెప్పాలా వద్దా అని కొన్నాళ్ళు గింజుకున్నాను. ఆయనకిప్పుడు ఎనభైకి దగ్గర, చెవిలో మిషను పెట్టుకుంటాడు. చివరికి చెప్పేశాను. అంతా విన్నాడు. తర్వాత పరీక్ష పెట్టినట్టు అడిగాడు. "ఆ బండి చట్రం కూడా చేతి అతుకేనా?" అవునన్నాను. "రెండు బళ్ళూ ఒకే చోట చేసినవేనా?" అవునన్నాను. లేచి చొక్కా తొడుక్కున్నాడు. "తిల్దా పోదాం పద," అన్నాడు.

అత్త వాకిట్లో మినుములు చెరుగుతోంది. నాన్నని చూసి గాభరాగా లేచి కుర్చీ వేసింది. నాన్న కూర్చోలేదు.

"అమ్మా, ఆ బండి కంపెనీదే. నేను తప్పు చెప్పినాను," అన్నాడు.

అత్త చేట కింద పెట్టింది. "తెలుసన్నియ్యా. ఆయనకీ తెలుసు. మీరు చూసిన ఏడాది తిరక్కుండానే మిల్లులో మిషను బిగించడానికి ఒక మిస్త్రీ వచ్చినాడు. ముందు ఆ కార్ల ఫేక్టరీలోనే పన్జేసినాడంట. బండిని చూసి బిడ్డని తడిమినట్టు తడిమీసినాడు. ఏ అతుకు ఎవుడిదో కూడా చెప్పీసినాడు."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదత్తా?" అన్నాను.

"నేను రాయపూర్ పోదాం పదమన్నాను. ఆయనే వద్దన్నాడు. అప్పటికే షాపులో మీ నాన్న చెవి మందగించిందని గొణుక్కుంటన్నారంట. 'చక్రాలు పాస్ చేసీవోడి మాట తప్పిపోయిందంటే బావకి ఇంకేటి మిగుల్తాది? నా మాటంటే ఎలగూ కోతే కదా, ఇంకో కోత అనుకుంటారు' అన్నాడు. తర్వాత ఎవులడిగినా నకిలీ బండే అని ఆయనే చెప్పీవోడు."

నాన్న కుర్చీ చేతిని పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు. ఏడవడం నేనెప్పుడూ చూడని మనిషి. కళ్ళు తుడుచుకుంటూ, "వాడు నాకొక్కడికైనా చెప్పుండాల్సిందమ్మా," అన్నాడు.

"చెప్పినాడు కదన్నియ్యా. మొదటి రోజే చెప్పినాడు."

నాన్న పలకలేదు. వినపడలేదేమో అనుకుని అత్త దగ్గరికొచ్చి, ఆయన చెవి దగ్గర వంగి, అదే మాట ఇంకొంచెం గట్టిగా చెప్పింది.