రజని పోపుల డబ్బా

రజని కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉంది. దాని పేరు పోపుల డబ్బా. ఒకసారి రాసిన ప్రోగ్రామును రెండోసారి రాయాలంటే ఆమెకు ఎక్కడలేని బద్ధకం. అందుకని ఏ పని చేసినా, అందులో మళ్లీ పనికొచ్చే ముక్కల్ని తీసి ఆ డబ్బాలో వేసుకునేది. ఫోన్ నంబరుకు పది అంకెలున్నాయో లేదో చూసే ముక్క ఒక గడిలో, ఫొటోను చిన్నది చేసేది ఇంకో గడిలో, రశీదు అచ్చువేసేది మరో గడిలో. కొత్త పని రాగానే తలా చిటికెడు తీసి వేస్తే సగం వంట అయిపోయినట్టే.

మెదక్‌లో చర్చికి వెళ్లే దారిలో, ఎలక్ట్రికల్ షాపు మీది గదిలో కూర్చుని నాలుగేళ్లుగా ఆమె చేస్తున్నది ఇదే. ఒక ఫంక్షన్ హాలుకు, ఒక టెంట్ హౌసుకు, ఒక కోచింగ్ సెంటరుకు వెబ్‌సైట్లు చేసింది. మంచి పేరే వచ్చింది గానీ పనులు వరుసగా రావు. ఈ వరికోతలు అయిపోయేలోగా చేతినిండా పని దొరక్కపోతే, హైదరాబాదులో వచ్చిన ఉద్యోగానికి పోతానని తల్లి సిద్దమ్మకు మాటిచ్చింది. ఉద్యోగం మంచిదే. కానీ సొంత గది, సొంత డబ్బా వదిలి పోవాలంటే ప్రాణం ఒప్పడం లేదు.

అప్పుడు దొరికాడు శివ్వంపేట ఇంద్రకరణ్. ఆయన మూడు వరికోత మిషన్లు కిరాయికి తిప్పుతాడు. రైతులు ఫోన్‌లోనే మిషన్ బుక్ చేసుకునేలా చేసిపెట్టమన్నాడు.

"ఇది మంచిగ నడిస్తే చేగుంటల మా బామ్మర్దికి, ఆయన దోస్తులకు గూడ నువ్వే చెయ్యాలె" అన్నాడు.

రజని డబ్బా మూత తీసింది. ఫంక్షన్ హాలుకు రాసిన తేదీల ముక్క మిషన్లకు అతికినట్టు సరిపోయింది. అనుకున్న టైముకు మెసేజ్ పంపే ముక్క ఒకటి ఉంది, అది రాసి దాచిందే తప్ప ఇదివరకు ఎక్కడా వాడలేదు. రేపు మీ పొలానికి మిషన్ వస్తుందని రైతుకు ముందే చెప్పడానికి దాన్నీ వేసింది. నాలుగు రోజుల్లో పని ముగిసింది.

అక్కడే పప్పులో కాలేసింది. ఆ ముక్క పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి, రాసిన రోజు తన ఫోన్‌కే ఒక మెసేజ్ పెట్టుకుంది. ప్రోగ్రాములు నేర్పే పుస్తకాలు మొదట హలో వరల్డ్ అంటూ ప్రపంచాన్ని పలకరించమంటాయి. మెదక్‌లో ప్రపంచాన్ని ఎవరు పలకరిస్తారు? ఎదురైన మనిషిని అడిగేది ఒకటే. ఆ ప్రశ్నే మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్లేలా పెట్టి, తీసేయడం మరిచిపోయింది. సైటులో పడగానే ఆమె నంబరున్న చోటికి రైతుల నంబర్లు వచ్చాయి, ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

సైటు తెరిచిన మర్నాడు సరిగ్గా ఒంటిగంటకు, మిషన్ బుక్ చేసుకున్న అరవై ఇద్దరు రైతులకు ఇంద్రకరణ్ పేరు మీద మెసేజ్ వెళ్లింది: "అన్నం తిన్నరా?"

పది నిమిషాలకు రజని ఫోన్ మోగింది.

"రజనమ్మా, గిదేంది? నా ఫోన్ ఆగుత లేదు. తిన్నం పటేలా, మీరు తిన్నరా అంటున్నరు. ఒకాయన కూరేందో గూడ చెప్పిండు. బిక్షపతి అయితే కోడి కోసినం, రాండ్రి అంటుండు. నేనెప్పుడడిగిన?"

"సార్, అది నేను టెస్టింగ్‌కు పెట్టుకున్నది. తీసుడు మర్శిన. ఇప్పుడే తీసేస్త సార్."

"మరి అరవై మందికి జవాబు నువ్విస్తవా? ఆగు, ఐలయ్యది వచ్చింది." ఇంద్రకరణ్ గట్టిగా చదివాడు. "ఎక్కడి అన్నం పటేలా, పొద్దుగాల నుంచి మిషిన్ కోసం పొలం ఒడ్డు మీదనే కూసున్నం."

ఆ మాట ఇంకోసారి చదువుకున్నాడు.

"మిషిన్ పొద్దుగాలనే ఐలయ్య పొలంల దిగిందని డ్రైవర్ చెప్పిండే!" అంటూనే ఫోన్ పెట్టేశాడు.

రజని ఆ వాక్యం తీసేసింది. పది సెకన్ల పని. చేగుంట పనులు పోయినట్టే అనుకుంది. హైదరాబాదు ఉద్యోగానికి ఒప్పుకుంటూ మెయిల్ రాసింది గానీ, పంపడానికి వేలు కదల్లేదు. అన్నం డబ్బా తెచ్చిన సిద్దమ్మ సంగతంతా విని పకపకా నవ్వింది.

"అరవై మందినడిగినవ్. నువ్వు తిన్నవా?"

"నవ్వకే అమ్మా."

కూతురు తినేదాకా కదలనని సిద్దమ్మ అక్కడే చాప పరుచుకుంది.

సాయంత్రం అయిదింటికి మళ్లీ ఇంద్రకరణ్.

"ఆ మెసేజ్ తీసినవా?"

"అప్పుడే తీసేసిన సార్."

"ఎవరు తీయమన్నరు?"

రజని క్షమాపణ చెప్పబోయింది.

"ఇను బిడ్డా. డ్రైవర్ మిషిన్‌ను వాని తోడల్లుని పొలంల దింపిండు. నేనే పోయి ఐలయ్య కాడికి తోలిపిచ్చిన. మిషిన్ వచ్చిందా అని నేనడిగితే మొగమాటపడి, వస్తది తియ్యి పటేలా అంటరు. అన్నం తిన్నరా అంటే అసలు ముచ్చట చెప్పిండ్రు. ఇంకిద్దరు గూడ గట్లనే బయటవెట్టిండ్రు. మళ్ల పెట్టు దాన్ని. తినలే అన్నోళ్ల పేర్లు నాకు మీదికే కనవడాలె. కాకపోతే ఆ రోజు కోత ఉన్నోళ్లకే పంపు. అందరి కోడికూర కథలు నేనినలేను."

"అట్లనే సార్. మరి చేగుంట..."

"బామ్మర్ది ఈడనే ఉన్నడు, మాట్లాడు."

బామ్మర్ది ప్రశాంత్ ఫోన్ అందుకున్నాడు. "మేడం, మాకు గూడ గదే కావాలె. మా దోస్తులిద్దరికి గూడ. కాని ఒంటిగంటకు వద్దు, మా దిక్కు పన్నెండుకే తింటరు. ఎన్ని రోజులైతది?"

"రెండు."

"బావకు నాలుగు పట్టింది కదా?"

"ఆయనది చేసినంక మీది సగం అయినట్టే" అంది రజని. ఫోన్ పెట్టేశాక మెయిల్ తుడిచేసింది.

ఆ తర్వాత పోపుల డబ్బా తెరిచి, ఆ ముక్కలో ఒంటిగంట అని ఉన్నచోట అంకె తీసేసి ఖాళీ వదిలింది. ఎవరు తినే వేళ వాళ్లు నింపుకోవచ్చు. నింపడం మరిస్తే మెసేజ్ ఎన్నింటికి వెళ్లాలన్నదే తేలలేదు.

"అమ్మా, మనుషులు ఎన్నింటికి తింటరే?"

"ఆకలైనప్పుడు" అంది సిద్దమ్మ.

అది కంప్యూటర్‌కు ఎలా చెప్పాలో తెలియక, రజని పన్నెండున్నర అని రాసింది.