హోం మ్యాచ్ చూద్దామని టాటానగర్ వెళ్ళాను

జంషెడ్‌పూర్ ఎలా వెళ్ళాలి, ఎక్కడ దిగాలి అని అడిగేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను వెళ్ళింది జార్ఖండ్ కొత్తగా రాష్ట్రమైన రోజుల్లో. రైళ్ళ వేళలు, ఛార్జీలు ఇప్పుడు మారి ఉంటాయి. దారి మాత్రం అదే.

మాది పలాస దగ్గర పల్లె. మా అమ్మాయిని టాటాలో ఇచ్చాం. మా వైపు జంషెడ్‌పూర్‌ని టాటా అనే అంటారు. అల్లుడు అక్కడ కాంట్రాక్టు పనిలో ఉన్నాడు. వాళ్ళబ్బాయి ఢిల్లేశ్వరరావు, మా అందరికీ ఢిల్లేసు. పర్సుడీహ్‌లో పుట్టాడు, అక్కడి మైదానాల్లోనే ఫుట్‌బాల్ నేర్చాడు. ఆ ఏడు కలకత్తాలో ఒక చిన్న జట్టులో చేరాడు. చిన్నదే అయినా దేశంలో అన్నిటికన్నా పై లీగులో ఆడే జట్టు. సీజన్ అంతా వాణ్ణి బెంచీ మీదే కూర్చోబెట్టారు. వాడు ఆడగా నేను ఒక్కసారీ చూడలేదు. నేను టాటా వెళ్తే వాడు క్యాంపులో ఉండేవాడు. వాడు మా ఊరు వస్తే చేలన్నీ వరితో ఉండేవి, ఆడే చోటుండేది కాదు.

మార్చి నెలలో ఒక సాయంత్రం మా ఊరి టెలిఫోన్ బూతుకి వాడు ఫోన్ చేశాడు. నేను వెళ్ళేసరికి లైను గరగరమంటోంది.

"తాతా, ఆదివారం సీజన్లో ఆకరి మ్యాచ్. మాకు హోం మ్యాచ్. ఈసారి నన్ను దింపుతారంట. ఓడిపోతే జట్టు కింద డివిజన్‌కి పోద్ది, మరి నన్ను ఉంచరు. అమ్మా నాన్నా వత్తన్నారు. నువ్వూ పక్కా రావాల."

"వత్తాన్రా" అన్నాను. ఇంకేదో అడుగుదామనుకునేలోగా లైను తెగిపోయింది.

హోం అంటే ఏమిటని బూతు నడిపే అప్పారావుని అడిగాను. "ఇల్లు. ఇంకేటుంది?" అన్నాడు. అయితే ఇంటి దగ్గర ఆట. వాళ్ళ ఇల్లు పర్సుడీహ్. నాకు ఏ అనుమానమూ రాలేదు. కింద డివిజన్ అన్నదే తేలలేదు. మా బడిలో తప్పినవాణ్ణి ఉన్న తరగతిలోనే ఉంచేవారు. కింద తరగతికి పంపడం నేనెక్కడా వినలేదు. ఆటలో పంపుతారు కాబోలు అనుకున్నాను.

శనివారం సాయంత్రం పలాసలో హౌరా వెళ్ళే బండి ఎక్కాను. ఇక్కణ్ణుంచి టాటాకి సులువైన దారి ఖరగ్‌పూర్ మీదుగానే. అక్కడ దిగి, టాటానగర్ వైపు వెళ్ళే బండి మారాలి. జనరల్ టికెట్టు నూటికి కాస్త పైన అయింది. సంచిలో రెండు చొక్కాలు, ఢిల్లేసు కోసం పలాస జీడిపప్పు పొట్లం. కిటికీ దగ్గర చోటు దొరికింది. ఎదురుగా ఇచ్ఛాపురంలో ఎక్కిన బట్టల వ్యాపారి. ఎక్కడికని అడిగితే, టాటాకి, ఫుట్‌బాల్ చూడ్డానికి అన్నాను. ఆయన నావైపు వింతగా చూశాడు.

"ఫుట్‌బాలైతే కలకత్తా గదా. ఈ బండిలోనే కూకుంటే సరిపోద్ది."

పాపం, ఈయనకి తెలీదు అనుకుని నవ్వి ఊరుకున్నాను. మనుషులతో వాదన నాకు చేతకాదు. తెల్లవారుజామున ఖరగ్‌పూర్‌లో దిగాను. నేను దిగిన బండి హౌరా వెళ్ళిపోయింది.

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చాలా పొడుగు. టాటా బండి ఏ చివర ఆగుతుందో ముందే అడిగి, అక్కడ నిలబడండి. నేను ఈ చివర నిలబడ్డాను, బండి ఆ చివర ఆగింది. పరుగెత్తాల్సి వచ్చింది. ఆ పాసింజరు మూడు గంటలు పైనే పడుతుంది. ఘాట్‌శిల దాటాక చిన్న కొండలు, సాల చెట్లు మొదలవుతాయి. ఎడమవైపు కూర్చుంటే ఎండ తగలదు. పదిన్నరకి టాటానగర్‌లో దిగాను. పర్సుడీహ్ స్టేషన్‌కి దగ్గరే. షేరింగ్ ఆటోలో నాలుగైదు రూపాయలు తీసుకున్నారు.

మా అమ్మాయి ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింట్లో అప్పలనర్సమ్మ ఉంటుంది. మా అమ్మాయి ఈడుదే, టెక్కలి మనిషి. బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి లేచి వచ్చింది.

"ఓలమ్మో, పెదనాన్నా, నువ్విక్కడేటి? నువ్వు కలకత్తా ఎల్లినావు గదా."

"నేనెందుకెల్తానమ్మా? ఆట ఇక్కడ గదా."

"ఇక్కడేటుంది? అక్కడే. నిన్న మద్దేన్నం ఇద్దరూ ఎల్లిపోనారు. నాన్న మన ఊరి బండికి హౌరాలో దిగుతాడు, పొద్దున్నే ఎదురెల్లాల అని సెప్పింది మీ అమ్మాయి."

నేను అరుగు మీద కూర్చున్నాను. హోం మ్యాచ్ అన్నాడు. హోం ఇదిగో, తాళం వేసి నా వెనకే ఉంది. ఏం జరిగిందో నాకు అప్పటికీ తెలియలేదు. నర్సమ్మ చుట్టూ ముగ్గురు పోగయ్యారు. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. ఆటో తోలే సింహాచలం అని నలభై దాటిన మనిషి, అటుగా పోతూ ఆగాడు. అంతా విని కాసేపు నోరు మూసుకుని నవ్వాడు.

"మావా, జట్టుకి కూడా ఇల్లుంటాది. కలకత్తా జట్టుకి ఇల్లు కలకత్తా. ఈరోజు ఆల్ల ఇంట్లో ఆడతన్నారు. ఏరే ఊరెల్తే అది అవే అంటారు."

"మరి పిల్లాడి ఇల్లో?"

"పిల్లాడి ఇల్లు లెక్కలోకి రాదు మావా."

కలకత్తాకి మళ్ళీ బండి మధ్యాహ్నమేనట, ఎక్కితే నాలుగైదు గంటలు. ఆట సాయంత్రం నాలుగింటికి. అందదు. వాళ్ళకి చెప్పాలంటే ఏ నంబరుకి చెయ్యాలో ఎవరికీ తెలీదు. వస్తానన్న తాత రాలేదని వాడు అనుకుంటాడు. సరిగ్గా వాణ్ణి దింపే రోజునే. నాకు ఏడుపు రాలేదుగాని, నర్సమ్మ అన్నం పెడితే సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాను.

"టీవీలో ఏస్తారేమో" అంది నర్సమ్మ. వాళ్ళ టీవీలో దూరదర్శన్ ఒక్కటే వస్తుంది. ఆట కేబుల్ ఛానల్లో అని సింహాచలం కనుక్కున్నాడు. "సాక్చీలో టీవీ కొట్లున్నాయి. ఎక్కు మావా. కిరాయి మాటొద్దు, పెట్రోలుకి ఇయ్యి చాలు."

పర్సుడీహ్ నుంచి సాక్చీకి అరగంట పైనే పట్టింది. సాక్చీ పాత బజారు. రిక్షాలు, ఆటోలు, మూటలు మోసేవాళ్ళు, ఎటు నడిచినా ఎవరో ఒకరు తగులుతారు. అక్కడ లిట్టి తినండి. గోధుమ పిండి ముద్దలో శనగపిండి కూరి, బొగ్గుల మీద కాల్చి, వంకాయ పచ్చడితో ఇస్తారు. రెండు తింటే పూటకి సరిపోతుంది. సింహాచలం బలవంతాన తినిపించాడు. "ఆకలితో చూస్తే మనవడు మసగ్గా కనపడతాడు" అన్నాడు.

టీవీ కొట్టు ముందు యాభై మంది నిలబడ్డారు. అద్దం వెనక ఆరు టీవీలు, ఆరింటిలోనూ క్రికెట్. సింహాచలం లోపలికెళ్ళి ఒక్క టీవీ మార్చమని కొట్టాయన్ని అడిగాడు. నేను బయట గుమ్మం పక్కన నిలబడ్డాను.

"ఫుట్‌బాల్ కౌన్ దేఖేగా భయ్యా? హటాయా తో లోగ్ మారేంగే" అన్నాడాయన. ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు, మారిస్తే జనం కొడతారట.

"ఇస్‌కా నాతీ ఖేల్ రహా హై" అన్నాడు సింహాచలం, ఈయన మనవడు ఆడుతున్నాడని నన్ను చూపించి. కొట్టాయన నా పంచె వైపు, సంచి వైపు చూశాడు. నమ్మలేదు. నా మొహం చూస్తే నేనూ నమ్మను.

అప్పటికి మూడున్నర దాటింది. సింహాచలం తల గోక్కుని, టెల్కో లారీల ఫ్యాక్టరీ కాలనీలో మూర్తిగారున్నారు, వాళ్ళ పిల్లల్ని రోజూ బడికి దింపుతాను, ఇంజనీరు, ఫుట్‌బాల్ పిచ్చి అన్నాడు. ముక్కూమొహం తెలియని ఇంటికి నేను రానన్నాను. "అయితే టీసను కాడ దింపీనా?" అన్నాడు. నేను వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాను. ఆటో టెల్కో వైపు తిప్పాడు.

సాక్చీ నుంచి టెల్కోకి దగ్గర దగ్గర అరగంట. షిఫ్టు వదిలే వేళ అయితే బస్సులకీ స్కూటర్లకీ దారి ఉండదు, ఆ వేళ తప్పించుకోండి. మేం ఆ రద్దీలోనే ఇరుక్కుని వెళ్ళేసరికి ఆట సగం అయిపోయింది. నేను గేటు దగ్గరే ఆగిపోయాను. సింహాచలం లోపలికి వెళ్ళి ఏం చెప్పాడో, మూర్తిగారే బయటికి వచ్చారు.

"లోపలికి రండి పెద్దాయనా. ఆటగాడి తాతగారు గేటు దగ్గర నిలబడతారా?"

చెప్పులు విప్పి, కుర్చీ చివర కూర్చున్నాను. వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చింది. టీవీలో పచ్చగా గడ్డి, దాని మీద చిన్న చిన్న మనుషులు. చెరొక గోలు అయిందట. ఎదర జట్టు గోవా నుంచి వచ్చిన పెద్ద జట్టు.

"మా ఢిల్లేసు ఎవరు బాబూ ఇందులో?"

"ఢిల్లేసా? అలాంటి పేరు చెప్పలేదండీ" అన్నారు మూర్తిగారు.

ఇంకో ఆట చూస్తున్నామేమో అనుకున్నాను. ఇంతలో గీత పక్కన ఒక కుర్రాడు పైనున్న పచ్చ బనీను విప్పాడు. టీవీ ఆయన "రావ్, రావ్" అంటున్నాడు. మూర్తిగారు ముందుకు వంగి, "కొత్త కుర్రాడు. ఎవరో రావ్" అన్నారు. ఆ కుర్రాడు ఎడమ చెవి పట్టుకుని లాగుకున్నాడు. భయం వేస్తే మా వాడికి చిన్నప్పటి నుంచీ అదే అలవాటు.

"వాడే బాబూ" అన్నాను.

ఆ తర్వాత నాకేమీ అర్థం కాలేదు. వాడికి బంతి వచ్చింది, వాడు దాన్ని గట్టిగా తన్నితే జనంలో పడింది. తప్పు చేశాడేమోనని నేను బెదిరితే మూర్తిగారు చప్పట్లు కొట్టారు. ఒకసారి ఎదర జట్టువాళ్ళు గోలులో బంతి వేసి ఎగిరి గంతులేశారు. గీత దగ్గరాయన జెండా ఎత్తాడు, అది గోలు కాదన్నారు. పడ్డ బంతి పడనట్టు ఎలా అవుతుందో మూర్తిగారు రెండుసార్లు చెప్పారు. నేను రెండుసార్లూ తలూపాను. వాడి మీదే కళ్ళు పెట్టుకున్నాను. ఆట ఆగినప్పుడల్లా వాడు తలెత్తి జనం కూర్చున్న మెట్లవైపు చూస్తున్నాడు. ఈ చివర నుంచి ఆ చివరకి.

"ఈ కుర్రాడు బంతిని వదిలేసి పైకి చూస్తాడేమిటి?" అన్నారు మూర్తిగారు విసుగ్గా.

ఎవరి కోసమో నాకు తెలిసినట్టే ఉంది. వాడేమో అక్కడ వెతుకుతున్నాడు, నేనేమో వాడు పుట్టిన ఊళ్ళోనే కూర్చున్నాను.

ఈల వేశారు. ఎవరూ గెలవలేదు. అయినా మా వాడి జట్టు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. "గెలిసినామా ఓడినామా బాబూ?" అని అడిగాను.

"రెండూ కాదు. కానీ ఈ ఒక్క పాయింటు చాలండీ. పై లీగులోనే ఉండిపోయారు. వచ్చే ఏడు కూడా ఆడతారు."

జీడిపప్పు పొట్లం విప్పి వాళ్ళావిడ చేతికిచ్చాను. అంతకన్నా ఏం చెయ్యాలో తోచలేదు.

పర్సుడీహ్ చేరేసరికి దీపాలు పెట్టారు. వీధి మొదట్లో కిరాణా కొట్టుకి ఫోన్ వచ్చిందని నర్సమ్మ ఎదురొచ్చింది. నాన్న దిగలేదు, ఏమైపోయాడో అని మా అమ్మాయి ఏడుస్తోందట. నేను ఇక్కడే ఉన్నానని నర్సమ్మ చెప్పిందట. అంతలో ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి ఢిల్లేసు.

"తాతా, అక్కడేటి సేత్తన్నావు?"

"ఇంటికొచ్చాన్రా."

"ఏ ఇంటికి?"

"మీ ఇంటికే. హోమన్నావు గదా."

వాడు పక్కనెవరికో హిందీలో ఏదో చెప్పాడు, అక్కడ నలుగురు నవ్వారు. వాడు నవ్వలేదు.

"నీ కోసం గేలరీ అంతా సూసాను తాతా. అటు సూత్తన్నానని కోచ్ తిట్టినాడు. నువ్వు నా ఆట సూడనేదు."

"సూసాన్రా."

"ఏటి సూసినావు?"

"నువ్వు నా కోసం సూడ్డం సూసాను."

ఆ ప్రయాణం గురించి ఇప్పుడు తలుచుకున్నా సరిగ్గా తేలదు. మా ఊళ్ళో మా అమ్మాయిని టాటా అమ్మాయి అంటారు. టాటాలో వాళ్ళని ఆంధ్రా వాళ్ళంటారు. వాడు పుట్టిన ఊరు వాడి ఆటలో హోం కాదు, వాడు అద్దె గదిలో ఉన్న ఊరు హోం. ఇందులో ఎవరిది తప్పో నాకు తెలీదు. తర్వాతి సీజన్లో వెళ్ళి వాడి ఆట చూశాను, ఈసారి మెట్ల మీద కూర్చుని. మొదట్లో ఒకసారి తలెత్తి నన్ను చూసుకున్నాడు. తర్వాత ఆట అయ్యేదాకా చూడలేదు. ఆట చూడ్డానికి బయల్దేరేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే: హోం మ్యాచ్ అని ఎవరైనా పిలిస్తే, ఎవరి హోమో, ఏ ఊళ్ళోనో అడిగి టికెట్టు కొనండి. ఖరగ్‌పూర్‌లో దిగే ముందు ఇంకోసారి ఆలోచించండి.