మూడు గొట్టాల చిట్టియ్య గారు

చిట్టియ్య గారు దేన్నయినా సరే, మొదటిసారి నమ్మరు.

నిడదవోలు దగ్గర మూతబడిన రంగుల ఫ్యాక్టరీలో పాడైన మట్టి తవ్వి తీసేశాక, భూమిలో నీరు బాగుపడిందో లేదో చూడ్డానికి పరీక్ష బోర్లు వేశారు. నేను కెమిస్టుని, ఆయన నీళ్ళు తోడే మనిషి. బోరు గొట్టంలో నిలవున్న నీటిలోంచి ఫ్యాక్టరీ మందు గాల్లోకి పోతుంది, దాంతో చెడ్డ నీళ్ళు కూడా మంచివాటిలా కనిపిస్తాయి. అందుకని గొట్టం నిండా పట్టేటన్ని నీళ్ళు మూడుసార్లు, అంటే మూడు గొట్టాల నీళ్ళు, పారబోశాకే పరీక్ష సీసా నింపాలి. ఇరవయ్యేళ్ళుగా చేసి చేసి ఆయనకది ఒంటికి పట్టేసింది.

మేనకోడలి సంబంధానికి కూడా మూడుసార్లు వెళ్ళొచ్చారు. మొదటిసారి అందరూ నవ్వుతూనే ఉంటారట. మూడోసారి ఆ ఇంటివాళ్ళు తలుపు తియ్యలేదు. ఇక ఎవరైనా తిడితే, మూడు విడతలూ తీరిగ్గా తిట్టనిచ్చి, "ఇప్పుడు అసలు మాట చెప్పండి" అనేవారు. తిట్టినవాళ్ళకి అసలు మాట గుర్తుండేది కాదు.

ఆఖరి పరీక్షరోజు మాత్రం నాకు నవ్వు రాలేదు. ఆ రోజు నీరు బాగుందని తేలితే, పక్క పేటలో ఆరేళ్ళుగా తాళం వేసిన బోరింగు తెరుస్తారు. గేటు బయట పేటంతా బిందెలతో నిలబడింది. ముందు వరసలో దీనమ్మ అనే పెద్దావిడ. ప్రార్థన చెయ్యడానికి పాస్టరు గారు కూడా వచ్చారు.

మొదటి నీళ్ళకి, మందుని పసిగట్టే మీటరు పచ్చలైటు చూపించింది. బయట చప్పట్లు. ఆఫీసరు జానకిరామ్ గారు పెన్ను తీశారు.

"ఇది లెక్కలోకి రాదండి," అన్నారు చిట్టియ్య గారు.

రెండో గొట్టం సగంలో మోటారు ఆగిపోయింది. జానకిరామ్ గారికి రైలు టైమవుతోంది. రాసేసుకుందామని ఆయన, రాయమని జనం, గేటు ఊగిపోతోంది. నిజం చెప్తున్నాను, నేనైతే సంతకం పెట్టేసేవాణ్ణే. చిట్టియ్య గారు ఎవరి మాటా వినకుండా తాడుకి సన్నటి చేద కట్టి చేత్తో తోడటం మొదలుపెట్టారు. అరచేతులు బొబ్బలెక్కాయి. మూడో గొట్టం పూర్తయ్యాక సీసా పెట్టాం.

ఎర్రలైటు.

జానకిరామ్ గారు పెన్ను జేబులో పెట్టుకున్నారు. జనం మా మీద విరుచుకుపడ్డారు. దీనమ్మైతే చిట్టియ్య గారి ఏడు తరాల్నీ వరసగా దులిపేసింది. నేను జీపు ఎక్కమన్నాను. ఆయన కదల్లేదు. ఆవిడ ఆయాసపడి ఆగేదాకా తలొంచుకుని విన్నారు.

"ఇప్పుడు అసలు మాట చెప్పమ్మా."

దీనమ్మ గొంతు తగ్గిపోయింది. "నీళ్ళ ట్యాంకరు రోడ్డు మీదే ఆగిపోద్దండి. మా కోడలికి ఎనిమిదో నెల. నేను మొయ్యలేనండి, దాన్ని మొయ్యనివ్వలేనండి."

ఆయన ఇల్లెక్కడని మాత్రం అడిగారు. ఇన్నాళ్ళూ ఆయన తిట్లని తేలిగ్గా తీసుకుంటున్నారనుకున్నాను. తిట్ల అడుగున ఉన్న కష్టం పైకొచ్చేదాకా కాచుకుని ఉంటారని అప్పుడు తెలిసి సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్న పేటలోకి వెళ్తే, మోపెడ్‌కి అటూ ఇటూ నీళ్ళ క్యాన్లు కట్టుకుని చిట్టియ్య గారు దీనమ్మ గుమ్మంలో ఉన్నారు. వాకిలంతా తడిపేశారని ఆవిడ ఆయన్ని తిడుతోంది. తిడుతూనే బొబ్బల చేతుల్తో ఏం తింటారని ఉప్మాలో చెంచా వేసిచ్చింది.