పోలయ్య ఖాళీగా ఉంచమన్న రోజు

నిన్న తెల్లవారుజామున పడవను నీళ్లలోకి తోస్తుంటే ఫోన్ మోగింది.

మా అమ్మాయి మౌనిక.

“నాయనా, పోలయ్య పెదనాయన పోయినాడు.”

నెల్లూరులో, ఇంట్లోనే. గుండెపోటు. ఆసుపత్రి దాకా కూడా పోలేదు.

పక్కవాళ్లకి చెప్పాను. అందరం కలిసి పడవను మళ్లీ ఒడ్డుకి లాగేశాం. నెల్లూరులో కాపురమున్నా వాడు మా పాళెం మనిషే.

బయటివాళ్లకి జువాలజీ ప్రొఫెసర్ గారు. నాకు మాత్రం టెన్త్ దాకా ఒకే బెంచీ మీద కూర్చున్న పోలయ్య. నేను అక్కడితో ఆగి వేటకి వచ్చేశాను. వాడు ఆగలేదు.

నిన్నటి నుంచి గ్రూపుల్లో కొందరు రాస్తున్నారు, సార్‌కి ఏఐ అంటే పడదు, పాతకాలం మనిషి అని.

అది తప్పు. అందుకే ఈ పోస్ట్. మౌనిక చదివి సరేనన్నాకే పెడుతున్నాను.

మౌనిక పీహెచ్‌డీకి గైడ్ పోలయ్యే. మా తీరంలో ఏ కాలంలో ఏ చేప ఎంత పడుతోంది అనేది తన రీసెర్చ్. మాకు ఏఐ అలవాటు చేసిందే వాడు. సాయంత్రం పడవ దిగాక, ఏ చేప ఎన్ని కిలోలు పడిందో ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడతాం. ఏఐ అది విని టేబుల్ చేస్తుంది. ఆ గాలి హోరులో కూడా చాలావరకు సరిగ్గానే పట్టేది.

“నీ పెళ్లాం కన్నా ఇదే నీ మాట బాగా వింటాది రా అంకా,” అనేవాడు.

గొడవ పోయినేడు వచ్చింది.

ఆ విడతలో థీసిస్ ఇవ్వడానికి మర్నాడే ఆఖరు రోజు. అది ఇస్తేనే మౌనికకి లెక్చరర్ ఇంటర్వ్యూకి అర్హత. గైడ్ సంతకం ఒక్కటే మిగిలింది. బండి మీద తనని కాలేజీకి తీసుకెళ్లింది నేనే.

పోలయ్య తన గదిలో కూర్చుని పేజీలు తిప్పుతున్నాడు. ఒక టేబుల్ దగ్గర ఆగాడు. పెన్నుకి మూత పెట్టేశాడు.

“పాపా, ఈ రోజు మన పాళెం పడవలు వేటకి పోయినాయా?”

“డేటాలో ఉంది కదా సార్.”

“అంకా, నువ్వు చూడు ఆ తారీఖు.”

చూశాను. మా అమ్మ చనిపోయిన రోజు.

మా పాళెంలో చావు జరిగితే ఆ రోజు ఒక్క పడవా కదలదు. తాతల నాటి కట్టుబాటు. ఆ రోజు మేమెవరం మెసేజ్ పెట్టలేదు. పెట్టడానికి చేపే లేదు. అయినా టేబుల్‌లో కిలోలు ఉన్నాయి. వంజరం, కానాగంతలు అంటూ చేపల రకాలతో సహా.

ఏం జరిగిందో మౌనికే చెప్పింది. ఖాళీలుంటే గ్రాఫ్ తెగిపోతోందని, సరిచేయమని ఏఐకి చెప్పింది. అది ముందు రోజులూ తర్వాత రోజులూ చూసి మధ్యలో నింపేసింది. అలా నింపినవి ఇంకా ఎన్ని ఉన్నాయో తనకీ తెలియదు.

“దానికి మైల లేదు కదమ్మా,” అన్నాడు పోలయ్య. “ఎవురు పోయినా అది వేటకి పోతాది.”

ఎవరం నవ్వలేదు.

“ఇప్పుడిది కదిపితే లెక్కలన్నీ మారిపోతాయి సార్. రేపే లాస్ట్ డేట్. ఎగ్జామినర్లకి మన పాళెం సంగతి తెలుసా ఏమన్నా?”

“నాకు తెలుసు కదా.”

నాకు కోపం వచ్చింది. పిల్ల కావాలని అబద్ధం రాయలేదు, మిషన్ చేసిన పనికి తన బతుకు ఆపుతావా అన్నాను. గట్టిగానే అన్నాను. అటెండర్ తలుపు దగ్గరికి వచ్చి చూసి వెళ్లిపోయాడు.

పోలయ్య గొంతు పెంచలేదు.

“ఒరే, రేపు ఈ టేబుల్ చూసి ఇంకో పిల్ల లెక్క కడతాది. ఆ లెక్క చూసి ఇంకో ఏఐ నేర్చుకుంటాది. మీ అమ్మ పోయిన రోజు మనం వంజరం పట్టుకుంటా ఉన్నామనేదే నిజమైపోతాది. పెట్టమంటావా సంతకం?”

నేను ఆ తారీఖు వంక మళ్లీ చూశాను.

“ఖాళీగా ఉంచు పాపా. ఎందుకు ఖాళీనో కింద రాయి. గడువు నేను అడుగుతా.”

అడిగాడు. యూనివర్సిటీవాళ్లు ఇవ్వలేదు. ఆ ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లింది.

ఆ తర్వాత నెలల తరబడి, ఆదివారం వస్తే వాడు మా ఇంట్లో ఉండేవాడు. ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చుని పాత వాయిస్ మెసేజ్‌లు మళ్లీ విని టేబుల్‌తో సరిచూశారు. మెసేజ్ లేని రోజుల గురించి ఊళ్లో అడిగి తెలుసుకున్నారు. కొన్ని చావులు, కొన్ని తుఫాన్లు. ఒకటి ఊరంతా పెళ్లికి తరలిపోయిన రోజు. ఏఐ ఒక్కటే పెళ్లికి రాకుండా వేటకి పోయింది.

పని సాగింది. మాట మాత్రం కలవలేదు. ఇంట్లో ఎప్పుడూ పెదనాయనా అని పిలిచే పిల్ల, ఇంట్లో కూడా సార్ అనడం మొదలుపెట్టింది. వాడికి తెలుసు. అడగలేదు. మా ఆవిడ పెట్టిన పులుసన్నం తిని బస్సెక్కేవాడు.

పోయిన నెల కొత్త థీసిస్ మీద సంతకం పెట్టాడు. మెసేజ్‌లు మాత్రం ఆపొద్దని మాకు చెప్పాడు. వైవా ఇంకా జరగాలి. ఆ గదిలో వాడు ఉండడు. ఆ ఖాళీలు ఎందుకో మౌనిక ఒక్కతే చెప్పుకోవాలి.

నిన్న సాయంత్రం దహనం అయ్యాక ఇంటికి వచ్చాం. మెసేజ్‌లు వచ్చే వేళ దాటింది. ఒక్కటీ రాలేదు.

మౌనిక ఫోన్ తీసి టేబుల్ తెరిచింది. నిన్నటి తారీఖు ఎదురుగా కిలోలు ఖాళీగా ఉంచింది. కింద కారణం రాసింది.

‘మా పెదనాయన పోయినాడు. పడవలు కదల్లేదు.’

వెళ్లిరా పోలయ్యా. నీ రోజును ఎవరూ నింపరు. నిమ్మళంగా పడుకో.