ఆపడం మరిచిన కార్డులు

జనగామలో మా ఎరువుల సేటు కంప్యూటర్ కొన్నప్పుడు, దాన్ని చూడటానికి మొగుళ్లపల్లి నుంచి ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చారు. సరే, బండ్లు కాదు, ఒక సైకిల్. ఆ కంప్యూటర్ నడపడానికి కుదిరినవాణ్ణి నేను. నర్సింహులపేటలో మా బాపు ఎడ్లమ్మి ఆ చదువు చెప్పించాడు. కొలువులో చేరి నెల కూడా నిండలేదు, సేటు తండ్రి పోయాడు.

"దినం కార్డులు కంప్యూటర్లనే కొట్టాలె. గిసొంటి కార్డు జిల్లాల ఎవ్వలు చూసి ఉండొద్దు," అన్నాడు సేటు. "ఆగమైతే నీ కొలువు గూడ ఆగమే."

ఆ యంత్రానికి తెలుగు రాదు, కాబట్టి కార్డు ఇంగ్లీషులోనే. అది ఎట్లా కనబడాలో ప్రోగ్రాంలోనే, మాటల మధ్యన, ప్రింటర్‌కు హుకుంలు రాయాలి: ఇక్కడ చుక్కల అంచు, ఇక్కడ వెడల్పు అక్షరాలు మొదలు, ఇక్కడ ఆపు. పైన చుట్టం పేరు, నడుమ చావు సంగతి, దినం రోజు. అడుగున వెడల్పు అక్షరాల్లో సేటు పేరు. మొదటి కార్డు దేవుడి పటంలా వచ్చింది. సేటు కళ్లకద్దుకుని, మిగతావి కొట్టమని ఇంటికి పోయాడు.

కొట్టాను. సేటు పేరు తరువాత 'ఆపు' రాయలేదని నాకేం తెలుసు? రెండో కార్డు నుంచి అక్షరాలన్నీ వెడల్పే. వరుసలు పట్టక విరిగి కిందికి జారాయి, అంచు చెదిరింది, ఒకరి కార్డు అడుగు ఇంకొకరి కాగితం నెత్తికెక్కింది.

కొడకండ్ల నుంచి వచ్చిన సేటు మేనమామ ఒక కాగితం అందుకుని కూడబలుక్కుంటూ చదివాడు. పైన, ముందటి కార్డు నుంచి జారి, ఇంగ్లీషులో 'స్వర్గస్థులైనారు' అని ఉంది. దాని కిందే ఆయన పేరు.

"ఏందిర పోరగా, బావ ఎంబడి నన్ను గూడ తోలుతున్నవా?"

"మళ్ల కొడుత బాపూ."

దేనిమీద కొట్టను? అంచుకు చిల్లులుండే ఆ మడతల కాగితం అయిపోయింది, మళ్లీ హైదరాబాద్ నుంచి రావాలి. దినమేమో ఎల్లుండి. చావు కాగితం ఇంట్లో ఉంచరు గనుక పెద్దాయన అన్నిటినీ నా చేతనే చింపించాడు.

"ఇగ నోటితోటే చెప్పి రా పో. సావు పిలుపు, యాదుంచుకో. ఎవ్వలింటి కడపా దాటొద్దు, పోయొస్త అనొద్దు."

బస్సెక్కి, ఊరూరా దిగి, ఇంటింటి ముందు నిలబడి చెప్పాను. చెప్పడం వరకు బాగానే ఉండేది, ముగించడమే తెలిసేది కాదు. ఒక అవ్వ "ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?" అని వాకిట్లో నిలబడిపోయింది. నేనూ నిలబడ్డాను. గాబరాలో మొదటి నుంచి మళ్లీ చెప్పాను.

"అయ్యో, ఇంకొకలు గూడ పోయిన్రా?" అని అవ్వ శోకం ఎత్తుకుంది.

దినం నాడు సగం విస్తళ్ల ముందు మనుషులు లేరు. నేను చేరలేకపోయిన ఊళ్లవాళ్ల విస్తళ్లు అవి. మేనమామ మాత్రం ముందే కూర్చుని, "సచ్చినోన్ని, జర నాకు ముందుగాల వడ్డియ్యుండ్రి," అన్నాడు. సేటు ఆ ఖాళీ విస్తళ్లనే చూస్తున్నాడు.

సాయంత్రం ఆయన ఎదుట నిలబడ్డాను. రేపు దుకాణానికి రావాలో వద్దో తెలియాలి. దినమింట్లో ఆయన రమ్మని అనడు, నేను పోయొస్తనని అనలేను. నన్ను చూసి, ఆయన లోపలికి పోయాడు.

బస్టాండులో నిలబడ్డాను. మా నర్సింహులపేట బస్సు వచ్చింది, పోయింది. కొలువు ఆగిందని ఎవరూ అనలేదు, నేను ఎక్కలేదు.