మడమల మేడమ్

చల్లటి జెల్ చీలమండ మీద పడగానే ఒళ్ళు జలదరించింది. ఇన్నేళ్ళుగా ఆ జెల్‌ను ఇతరుల కాళ్ళకు పూస్తూ "కాస్త చల్లగా ఉంటుంది, అంతే" అని తేలిగ్గా చెప్పినవాణ్ణి నేనే. ఈసారి బల్ల మీద పడుకున్నదీ నేనే. మా ఆస్పత్రి మెట్ల మీదే నా కాలు మళ్ళీ మడతపడింది. ప్రోబు పట్టుకున్నది నా దగ్గర స్కానింగ్ నేర్చుకుంటున్న డాక్టరమ్మాయి. "సార్, కాలు వదులుగా పెట్టండి" అంటోంది. పెట్టాననే అనుకుంటున్నాను. కాలు నా మాట వినడం లేదు. అప్పుడు సుగుణ మేడమ్ గుర్తొచ్చారు.

కావలిలో ఆమె స్కానింగ్ గదిలోనే నేను పని నేర్చుకున్నాను. అందె వేసిన చేయి అనే మాట, అందెలు పెట్టుకునే చోట పనిచేసే ఆమెకే సరిగ్గా సరిపోతుంది. చాటుగా "మడమల మేడమ్" అనుకునేవాళ్ళం. బయట జనం ఎంతమంది ఉన్నా, బల్ల ఎక్కిన ప్రతి మనిషినీ "ఈ పొద్దు ఏం కూర?" అని అడిగేవారు. కాలు చూడమంటే కాలయాపన ఏమిటని లోలోపల విసుక్కునేవాణ్ణి.

ఒకరోజు పోలయ్య అనే జాలరి వచ్చాడు. ఎప్పుడో బెణికిన కుడి కాలు, నడుస్తుండగానే పక్కకు ఒరిగిపోతోంది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. పడవ నడిపే అతని బావ గుమ్మంలో నిలబడి తెగేసి చెప్పాడు: "కాలు బాగుండాదని మీరంటేనే రేపు వేటకు తీసకపోతా. లేదంటే ఇంకోణ్ణి చూసుకుంటా." పోలయ్య దవడ బిగించి పడుకున్నాడు.

ఎముకను ఎముకకు కట్టి ఉంచే లిగమెంటు తెర మీద మందంగా కనిపించింది. పాత గాయమే. కానీ అది ఇంకా పట్టు ఇస్తోందో, వదులైపోయిందో కదలని బొమ్మ చెప్పదు. మేడమ్ ప్రోబు ఆనించి పట్టుకున్నారు. నేను మడమ పట్టుకుని ముందుకు లాగాను. ఏమీ కదల్లేదు. మళ్ళీ లాగాను. నాకే చెమట పట్టింది.

"చూసినారా మేడమ్, గట్టిగా ఉండాది," అన్నాడు పోలయ్య.

"అయిందా?" బయటి నుంచి బావ గొంతు.

మేడమ్ తెర మీంచి చూపు తిప్పలేదు. "ఈ పొద్దు ఏం కూర, అబ్బయా?"

అతను తల తిప్పి చూశాడు. "వంకాయ."

"సముద్రాన్ని పక్కన పెట్టుకోని వంకాయా?"

"మా బావ పడవెక్కనిస్తే గదా చేప. రోజూ అదే. మా పాప నన్నే వంకాయ నాయనా అంటుండాది," అని నవ్వేశాడు.

ఆ నవ్వుతో పిక్క సడలింది. మేడమ్ కళ్ళతో సైగ చేశారు. లాగాను. తెర మీద రెండు ఎముకల నడుమ ఖాళీ నోరు తెరిచినట్టు విచ్చుకుంది. ఎడమ కాలికి అదే చేస్తే ఎముక బెసకలేదు.

మా ముఖాలు చూసి పోలయ్య నవ్వు ఆగిపోయింది. "మాటల్లో పెట్టి మోసం చేసినారు మేడమ్."

"చేసినా," అన్నారామె. "నువ్వు కాలు బిగబట్టి చేసిందేంది? నా ముందర బిగబట్టినావు, సరే. అల కొడితే పడవ అంచు మీద ఎంతసేపు బిగబడతావు?"

అతను పైకప్పు కేసి చూశాడు. "నా చోటు పోతాది మేడమ్."

"మీ బావను పిలవమంటావా?"

పోలయ్య తలూపాడు. మేడమ్ బావకు రెండు కాళ్ళ బొమ్మలూ పక్కపక్కన చూపించారు. "సముద్రమంటే భయపడతుండాడనుకున్నా," అన్నాడతను, గొంతు తగ్గించి.

"భయమే బావా," అన్నాడు పోలయ్య. "కాలు బాలేదంటే మళ్ళా పడవెక్కనీవని."

బావ వంగి, పోలయ్య చెప్పుల్ని బల్ల దగ్గరికి జరిపాడు. "నయమయ్యేదాకా గట్టున వలలు చూసుకో. చోటు యాడికీ పోదులే."

ఇప్పుడు నా కాలు ఎందుకు బిగుసుకుందో నాకు తెలుసు. ఈ అమ్మాయి ఆపరేషన్ అంటుందేమోనని. తెలిసినంత మాత్రాన సడలడం లేదు.

"అమ్మాయ్, ప్రోబు తియ్యకు. ఈరోజు ఏం కూర అని అడుగు నన్ను."

ఆమె వింతగా చూసి, రెండో చేత్తో నా మడమ పట్టుకుని లాగుతూ అడిగింది.

"బీరకాయ," అన్నాను. "అందులో మా ఆవిడ ఉప్పు..."

మాట పూర్తికాకముందే మడమ ముందుకు జారడం తెలిసింది.